నలభై రెండో రోజు

"బాబూ, మా గుంటడు మళ్లీ తాగుతాడో తాగడో ఈ రగతం పరీచ్చలో తెలుస్తాదా?"

అడిగినావిడది మా రోలుగుంట మండలంలోనే కొండవార పల్లె. కొడుకు లివరు రిపోర్టు పట్టుకుని ల్యాబు గుమ్మంలో నిలబడింది. "ఇందులో తాగింది తెలుస్తాది తల్లీ, తాగబోయేది తెలీదు" అన్నాను. నా చిన్న ల్యాబు వరకు అది సరైన జవాబే. కానీ ఆవిడ అడిగిన ప్రశ్ననే పెద్ద పెద్ద పరిశోధనశాలలు కూడా ఏళ్ల తరబడి అడుగుతున్నాయి. తాగుడు మానిన మనిషి ఒంట్లో, వీడు మళ్లీ తాగబోతున్నాడని ముందుగా చెప్పే గుర్తు ఏదైనా ఉందా అని. కొంతవరకు ఉందనే సమాధానమూ వస్తోంది. అలా వస్తున్న కొద్దీ నా రెండో పనికి చిక్కు వచ్చి పడింది.

నా రెండో పని అయ్యప్ప మాలలు వేయడం. సర్కారు ఆసుపత్రుల్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేసి రిటైరై, మా రోడ్డు పక్క ఒక గదిలో మైక్రోస్కోపు పెట్టుకుని కూర్చున్నవాణ్ని. కార్తీకం వచ్చిందంటే గురుస్వామిని. ఏ చేతి నరంలో సూది గుచ్చుతానో ఆ మనిషి మెడలోనే తులసి మాల వేస్తాను. పొద్దున రక్తం తీసినవాడు సాయంత్రం వచ్చి కాళ్లకి దండం పెట్టి "గురుస్వామీ, ఈ ఏడుతో మందు బందు" అంటాడు. వాడి మాట నేను నమ్మాలా, వాడి రక్తం చెప్పేది నమ్మాలా? రక్తం ముందే చెప్పేస్తే ఆ మాటకి విలువేమిటి? మాట తప్పితే పాపం ఎవరిది? ఈ వయసులో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది.

ముందు రక్తం సంగతి. రక్తంలో రెండు రకాల గుర్తులున్నాయి. మొదటివి జరిగినదాన్ని చెప్పేవి. జీజీటీ అనే ఎంజైము తాగేవాడి లివరు నుంచి రక్తంలోకి పెరుగుతూ వస్తుంది. ఎర్ర కణాలు మామూలు కన్నా లావెక్కుతాయి, దాన్ని ఎమ్‌సీవీ అని రాస్తాం. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి, మానేసిన తర్వాత కూడా ఆ లావు దిగడానికి నెలలు పడుతుంది. సీడీటీ అని ఇంకొకటి, రెండు మూడు వారాల తాగుడు లెక్క చెబుతుంది. పీఈటీహెచ్ అని మరొకటి. అది మందు ఒంట్లో పడితేనే పుట్టే పదార్థం, కాబట్టి అబద్ధం ఆడలేం. ఈ చివరి రెండూ మాలాంటి ల్యాబుల్లో జరగవు, నగరాలకి పంపాలి. మా దగ్గర జీజీటీ, ఎమ్‌సీవీ చూపే సీబీపీ చాలు. "తాగలేదు గురువుగారూ, ఒట్టు" అన్నవాణ్ని పట్టుకోవడానికి ఆ రెండే చాలాసార్లు సరిపోతాయి.

రెండో రకం గుర్తులు జరగబోయేదాన్ని చెప్పాలని చూసేవి. ఇక్కడే అసలు కథ. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయంలో రజితా సిన్హా అనే శాస్త్రవేత్త బృందం, చికిత్సలో చేరి నాలుగు వారాలుగా మానేసి ఉన్న తాగుబోతుల మీద ఒక పరీక్ష చేసింది. 2011లో ఫలితాలు ప్రచురించింది. ఒక్కో మనిషి చేత వాడి జీవితంలోంచే మూడు సంగతులు చెప్పించి రాయించారు. ఒకటి వాణ్ని బాగా కలవరపెట్టిన సంఘటన, ఒకటి మందు గుర్తుకు తెచ్చే సందర్భం, ఒకటి హాయిగా ఉన్న సమయం. వేరువేరు రోజుల్లో వాటిని వినిపిస్తూ రక్తం తీశారు. అందులో రెండు హార్మోన్లు చూశారు. మెదడు కింది పిట్యూటరీ గ్రంథి పంపే ఏసీటీహెచ్ ఒకటి, దాని ఆజ్ఞ మీద మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథి వదిలే కార్టిసాల్ మరొకటి. ఇంటికెళ్లాక ఎవడు ఎన్ని రోజులకి మళ్లీ గ్లాసు పట్టాడో కనిపెట్టి చూశారు.

ఎవరమైనా ఏమనుకుంటాం? కలవరపడినప్పుడు హార్మోను ఎక్కువ పొంగినవాడే ముందు పడిపోతాడనుకుంటాం. వచ్చిన ఫలితం వేరు. హాయిగా ఉన్న సంగతి వింటున్నప్పుడు కూడా ఎవరి రక్తంలో ఏసీటీహెచ్‌తో పోలిస్తే కార్టిసాల్ ఎక్కువగా ఉందో, వాళ్లు త్వరగా తాగారు. 2013లో అదే బృందం మెదడు స్కానింగులతో ఇంకో పరిశోధన వెలువరించింది. అక్కడా అంతే: నుదుటి లోపలి భాగంలో, మనల్ని మనం అదుపు చేసుకునే చోట, విశ్రాంతి వేళ అతిగా పనిచేస్తూ, నిజంగా ఒత్తిడి వచ్చినప్పుడు చతికిలబడే మెదడు ఉన్నవాళ్లు మళ్లీ తాగే ప్రమాదంలో ముందున్నారు.

ఇది చదివినప్పుడు నా చేతిలో పేపరు కాసేపు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే ఇది నేను మా ఊళ్లో చూసిందే. పెళ్లాంతో గొడవపడిన రోజున తాగినవాళ్ల కథలు అందరికీ తెలుసు, వాళ్లే గట్టిగా చెప్పుకుంటారు. కానీ చాలామంది పడిపోయింది ఏ గొడవా లేని మధ్యాహ్నాల్లో. చెరకు తోలేశారు, డబ్బు చేతికొచ్చింది, జీడితోటలో పని లేదు, ఆకాశం బాగుంది. "ఎందుకు తాగావురా?" అంటే "ఏటో గురుస్వామీ, కూకోలేకపోనాను" అంటాడు. కూర్చోలేకపోవడం! విశ్రాంతి అనేది వాడి ఒంటికి చేతకాని పని అయిపోయింది. లోకమంతా నిద్రపోతుంటే వాడి అడ్రినల్ గ్రంథి ఒక్కటే మెలకువగా ఉంది.

మిగతా గుర్తులు త్వరగా చెప్పేస్తాను. మానేసిన తర్వాత నిద్ర సరిగా పట్టనివాళ్లు మళ్లీ తాగే అవకాశం ఎక్కువని చాలా పరిశోధనలు చూపించాయి. గుండె కొట్టుకునే లయలో ఉండాల్సిన చిన్న చిన్న హెచ్చుతగ్గులు తగ్గిపోయినవాళ్ల గురించి కూడా అలాగే అంటున్నారు. వంశం సంగతైతే, కవలల మీద చేసిన అధ్యయనాల ప్రకారం తాగుడు వ్యసనంలో సుమారు సగం వాటా పుట్టుకది. జన్యువుల దగ్గర మాత్రం తొందరపడకూడదు. 1990లో డోపమైన్ గ్రాహకానికి చెందిన ఒక జన్యుభేదాన్ని అమెరికా పరిశోధకులు ప్రకటిస్తే తాగుడు జన్యువు దొరికేసిందని పత్రికలు గోల చేశాయి. తర్వాత చూసినవాళ్లలో కొందరికి ఆ సంబంధం కనపడింది, కొందరికి కనపడలేదు. ఒక్క జన్యువులో దొరికేంత చిన్నది కాదు ఈ జబ్బు. ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ గుర్తులన్నీ గుంపు గురించి చెప్పేవి. వందమందిలో ఎవరివైపు మొగ్గు ఎక్కువో చెబుతాయి. నా ల్యాబు గుమ్మంలో నిలబడిన ఆ తల్లి కొడుకు గురించి ఫలానా తేదీన ఫలానా షాపులో అని చెప్పవు. ఏసీటీహెచ్ మా దగ్గర చెయ్యడం కూడా సాధ్యం కాదు. తీసిన వెంటనే మంచులో పెట్టి, చల్లగానే పంపాలి, లేకపోతే పాడైపోతుంది. ఆర్ల పంచాయతీ కొండ గూడేల నుంచి మనిషినే డోలీలో మోసుకొచ్చే మండలం మాది.

అయినా మొగ్గు అనేది ఉందని ఒప్పుకున్నామంటే ప్రశ్న అలాగే నిలబడి ఉంటుంది.

మా చుట్టుపక్కల దీనికి రెండు జవాబులు తయారుగా ఉంటాయి. రచ్చబండ దగ్గర పెద్దాయన "మనసు గట్టిగా ఉంటే ఏదైనా మానొచ్చు, వీడికి సిగ్గు లేదు" అంటాడు. వాడి తల్లేమో "ఆడి నుదుట అలా రాసీసినాడు దేవుడు" అంటుంది. మొదటిదాంట్లో రక్తానికి చోటు లేదు, రెండోదాంట్లో మనిషికి చోటు లేదు. ఈ రిపోర్టుల కాలంలో రెండో జవాబు కొత్త చొక్కా వేసుకుని వచ్చింది. ఒక కుర్రాడు, చదువుకున్నవాడే, ఫోనులో ఏదో చదివి నా దగ్గరికొచ్చి "నాది జెనెటిక్ గురుస్వామీ, మా నాన్నదీ ఇంతే, నేనేటి సెయ్యను" అన్నాడు. నుదుటి రాత కాస్తా రక్తపు రాత అయింది, బ్రహ్మదేవుడి ఉద్యోగం డీఎన్ఏకి బదిలీ అయింది. నేను ఒక్కటే అడిగాను: "మీ అన్నయ్యా ఆ నాన్న కొడుకేగదా, ఆడెందుకు తాగడు?" జవాబు లేదు. కానీ ఆ ఒక్క ప్రశ్నతో గెలిచానని నాకూ అనిపించలేదు. అన్నదమ్ముల రక్తాలు ఒకటి కావు, అది టెక్నీషియన్‌గా నాకు తెలుసు.

నాకు దారి చూపింది భగవద్గీత. గీత అనగానే మనసు నిగ్రహించుకోమని చెప్పే పుస్తకమని అందరూ అనుకుంటారు. మూడో అధ్యాయంలో అర్జునుడు అడిగిన ప్రశ్న చూడండి: మనిషి తనకి ఇష్టం లేకపోయినా, ఎవరో బలవంతంగా తోసినట్టు పాపం ఎందుకు చేస్తాడు అని. ప్రతి తాగుబోతు మర్నాడు పొద్దున నాతో చెప్పేది ఇదే: "సెయ్యి దాని పాటికి అదే ఎల్లిపోనాది." కృష్ణుడు అక్కడ కామాన్నీ క్రోధాన్నీ శత్రువులుగా చూపించాడు. కానీ పూర్తి లెక్క పద్దెనిమిదో అధ్యాయంలో తేల్చాడు. ఏ పని జరగాలన్నా కారణాలు ఐదు అన్నాడు. శరీరం ఒకటి. చేసేవాడు ఒకటి. ఇంద్రియాలనే పనిముట్లు ఒకటి. రకరకాల ప్రయత్నాలు ఒకటి. ఐదోది దైవం. అంతటితో ఆగకుండా, తానొక్కడే చేసేవాణ్నని అనుకునేవాడికి సరిగ్గా కనపడటం లేదని కూడా అన్నాడు. కర్త ఐదింట్లో ఒకడు. ఐదింట్లో లేకుండా మాత్రం పోలేదు.

దీని పక్కనే యోగవాసిష్ఠం పెట్టుకోవాలి. దైవం అంటే ఎక్కడో కూర్చున్న ఇంకొకడు కాదు, మనం పూర్వం చేసిందే ఇప్పుడు దైవమనిపిస్తోందని వసిష్ఠుడు రాముడితో వాదిస్తాడు. పాత ప్రయత్నం, కొత్త ప్రయత్నం రెండు పొట్టేళ్లలా ఢీకొంటాయనీ, ఏది బలంగా ఉంటే అది నెగ్గుతుందనీ అంటాడు. పొట్టేళ్ల పందెం చూసినవాడికి ఒక సంగతి తెలుసు. పాత పొట్టేలు పదేళ్లుగా మేత తిని కొమ్ములు పెంచుకుంది. కొత్తది నిన్న కట్టేసిన పిల్ల. ఆ పిల్లని వెంటనే బరిలోకి తోసి "నీకు మనసు గట్టిది కాదురా" అనడం పందెం కాదు, హింస. దాన్ని కొన్నాళ్లు వేరుగా కట్టి మేపాలి. ఏళ్ల తరబడి తాగిన మందు అడ్రినల్ గ్రంథికి నేర్పిన చదువే ఆ పాత పొట్టేలు కొమ్ము. ప్రారబ్ధం అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే ఇకనుంచి కార్టిసాల్ రిపోర్టు చూపిస్తాను.

ఇప్పుడు దీక్ష సంగతికి వస్తాను, ఎందుకంటే వేరుగా కట్టి మేపడమంటే మా దగ్గర అదే.

అయ్యప్ప మాల వేసుకుంటే 41 రోజులు తాగరు. ఎంత తాగేవాడైనా సరే, చాలామంది నిజంగానే తాగరు. దీన్ని చూసి జనం "చూశావా, మనసుంటే మానగలడు" అంటారు. ఆ లెక్క సరికాదు. ఐదు కారణాలనీ దగ్గర పెట్టుకుని చూడండి. శరీరం: తెల్లవారకముందే చన్నీళ్ల తలస్నానం, ఒంటిపూట భిక్ష, సాయంత్రం అల్పాహారం, నేల మీద పడక, చెప్పుల్లేని కాళ్లు. పనిముట్లు: నాలుక శరణుఘోషకి, చేతులు పూజకి అంకితం. ప్రయత్నాలు: పొద్దున పూజ, రాత్రి భజన, మధ్యలో ఎవరింట్లోనో పడిపూజ, ఏ పనీ లేని మధ్యాహ్నమనేదే దొరకదు. దైవం సరేసరి. వీటన్నిటికీ తోడు ఊరు. నిన్నటిదాకా "ఒరే" అన్నవాడు "స్వామీ" అంటాడు. కల్లు గీసేవాడు మాల చూస్తే కుండ పక్కకి జరిపేస్తాడు. బెల్టు షాపువాడు కూడా అమ్మడు, వాడికీ భయమే. సన్నిధానం ముందు ఛాందోగ్యోపనిషత్తులోని మహావాక్యం రాసి ఉంటుంది, నువ్వు వెతుకుతున్నది నువ్వేనని. దాన్ని మా ఊళ్లో ప్రతి గడపా ఆ మనిషికి రోజంతా వినిపిస్తుంది. ఇంట్లో భార్య సైతం స్వామీ అనే పిలుస్తుంది. "ఆ నలభయ్యొక్క రోజులే మా ఇంట్లో పండగండి, దెబ్బలుండవు" అని ఒకావిడ నాతో అంది. ఆ మాటలో భక్తి ఎంతో, సిగ్గుపడాల్సింది ఎవరో, చదివేవాళ్లు చూసుకోవాలి.

అంటే దీక్షలో నాలుగు కారణాలు మారిపోయాయి. కర్త మాత్రం పాతవాడే. తర్వాత శబరిమల వెళ్లి, ఇరుముడి సమర్పించి, పద్దెనిమిది మెట్లెక్కి, నెయ్యభిషేకం చేయించి, తిరిగొచ్చి మాల తీస్తాం. నలభై రెండో రోజున నాలుగు కారణాలూ వెనక్కి వెళ్లిపోతాయి. చెప్పులు కాళ్లకొస్తాయి, "ఒరే" నోళ్లకొస్తుంది, మధ్యాహ్నం ఖాళీ అవుతుంది. సరిగ్గా ఆ రోజున మనం వాడి భుజం మీద చెయ్యి వేసి "ఇన్నాళ్లు ఉన్నావుగా, ఇంక నీ ఇష్టం" అంటాం. నీ ఇష్టం అన్నది ఎవరితో? ఐదింట్లో మారనివాడు ఒక్కడే, వాడితో.

టెక్నీషియన్‌గా ఇంకో చిత్రం చూశాను. లివరు మరీ గట్టిపడిపోకపోతే, ఆరు వారాల్లో జీజీటీ బాగా దిగుతుంది. మాల తీసిన వారంలో పరీక్ష చేయించుకుంటారు కొందరు. అంకె తగ్గిందని చూసి "లివరు బాగైపోనాదిరా" అని పార్టీ చేసుకుంటారు. నిన్నటి పద్దు కొట్టేశారు కాబట్టి రేపటికి కొత్త అప్పు తీసుకోవచ్చని వాళ్ల లెక్క. జీజీటీ గడిచిపోయినదాన్ని గురించే మాట్లాడుతుంది, రాబోయేదాన్ని చెప్పే గుర్తు అది కాదు అని ఎంతమందికి చెప్పినా వినరు. మంచి రిపోర్టు అంటే ఎవరికి చేదు?

రాబోయేదాని లెక్క 1971లోనే హంట్ అనే అమెరికా పరిశోధకుడు, మరో ఇద్దరు కలిసి గీసి చూపించారు. మందు, సిగరెట్టు, హెరాయిన్ మానినవాళ్లని తీసుకుంటే మూడింటికీ గీత దాదాపు ఒకేలా పడింది. మొదటి మూడు నెలల్లో నిటారుగా జారి, తర్వాత చదునవుతుంది. ఆ జారుడులో ఎక్కువ భాగం తొంభై రోజుల లోపే. మన దీక్షా మండలం 41 రోజులది. జారుడు సగంలో ఉండగానే మాల తీసేస్తున్నాం. పెద్దలు పెట్టిన మండల నియమాన్ని తప్పుపట్టడం లేదు, అది తాగుడు మాన్పించడానికి పెట్టింది కాదు, స్వామి దర్శనానికి పెట్టింది. దాన్ని వ్యసనానికి మందుగా వాడుకుంటున్నది మనం. మోతాదు చూసుకోవాల్సిందీ మనమే.

ఇక్కడొక మాట. కారణాలు బయటివి మారిస్తే చాలు, మనిషి సంగతి తర్వాత అనుకున్నా చిక్కే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు రోశమ్మ ముందు నడవగా సారా దుకాణం మూయించారు; మొగుళ్ల మనసు గట్టిదా కాదా అని వాళ్లు కొలవలేదు, దుకాణం కొలిచారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది, 1997లో చంద్రబాబు ప్రభుత్వం దాన్ని ఎత్తేసింది. మాది బెల్లం వండే నేల, అనకాపల్లి మార్కెట్టు మా జిల్లాలోనే. బెల్లం ఊట, పటిక, ఒక కుండ, కొండవాగు ఉంటే నాటుసారా ఎక్కడైనా దిగుతుంది; నిషేధం ఉన్న రోజుల్లోనూ మా కొండల్లో పొగ లేచింది. 2024 అక్టోబరులో 99 రూపాయల క్వార్టరు వచ్చింది. దీని పుణ్యపాపాలు ఏ ఖాతాలో పడతాయో అనేది చిత్రగుప్తుడూ ఎక్సైజు శాఖా కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం. నేను చెప్పేది ఒక్కటే: నాలుగు కారణాల్లో ఒకదాన్ని పట్టుకుని ఐదూ దొరికాయనుకుంటే అదీ చూపు తక్కువే.

కర్తకి మిగిలింది ఏమిటి మరి? ఇక్కడ నాకు అనకాపల్లి పక్క శంకరం దగ్గరి బొజ్జన్నకొండ గుర్తొస్తుంది. రాతిలో తొలిచిన స్తూపాల మధ్య ఒకప్పుడు బౌద్ధ భిక్షువులుండేవారు. బౌద్ధ ఉపాసకుల పంచశీలాల్లో ఐదోది మత్తు పదార్థాలకి దూరంగా ఉండటం. ఆ శీలాలు ఒకసారి తీసుకుని జన్మంతా నిలబెట్టి తీరాలి, పడితే అంతా పోయినట్టే అనే లెక్క అక్కడ లేదు. పౌర్ణమికి, అమావాస్యకి మళ్లీ స్వీకరిస్తారు. తప్పినవాడూ స్వీకరిస్తాడు, తప్పనివాడూ స్వీకరిస్తాడు, ఇద్దరూ పక్కపక్కనే కూర్చుని. 1935లో అమెరికాలో ఆక్రన్ అనే ఊళ్లో ఇద్దరు తాగుబోతులు, ఒక షేర్ల వ్యాపారి, ఒక డాక్టరు, మొదలుపెట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ కూడా ఇలాంటిదే. అక్కడ మొదటి మెట్టు తన శక్తి చాలదని ఒప్పుకోవడం. ఒప్పుకున్నవాడు మళ్లీ ఏమీ చెయ్యకుండా ఉండిపోడు. ఇవాళ్టికి తాగనంటాడు, రేపు మళ్లీ అదే మాట అంటాడు. కర్తృత్వం వదలడం, ప్రయత్నం చెయ్యడం రెండూ ఒక్క మనిషిలో ఎలా ఇముడుతాయని వేదాంతులు తర్జనభర్జన పడుతుంటే, వీళ్లు కుర్చీలేసుకుని కూర్చుని చేసి చూపించారు.

కాబట్టి నా తీర్పు ఇది. ఎక్కువ మొగ్గున్నవాడు మాట తప్పితే ఆ మాట అబద్ధమైపోదు. ఇచ్చినప్పుడు అది నిజమే. వాడి బాధ్యత గ్లాసు పట్టుకున్న క్షణంలో వెతికితే దొరకదు, అప్పటికే పాత పొట్టేలు కుమ్మేసి ఉంటుంది. బాధ్యత అంతకు ముందు రోజుల్లో ఉంది. నిద్ర పట్టడం లేదని ఎవరికైనా చెప్పాడా? ఖాళీ మధ్యాహ్నం వస్తోందని తెలిసి గుడికో, తమ్ముడింటికో వెళ్లాడా? డాక్టరు మాత్ర రాస్తే వేసుకున్నాడా? తన ఒంటి మొగ్గు తనకి తెలిసిన మనిషికి బాధ్యత తగ్గదు, ముందుకి జరుగుతుంది. ఆ కుర్రాడికి నేను చెప్పాల్సింది ఇదే: మీ నాన్న రక్తం నీలో ఉందని నీకు తెలిసింది కదా, మీ నాన్నకి అది తెలీదు.

మాత్ర అనగానే మా గురుస్వాముల్లోనే కొందరు ముఖం చిట్లిస్తారు. "మాత్ర వేసుకుని మానితే అది దీక్ష ఎలా అవుతుంది?" అని. చన్నీళ్ల స్నానం శరీరానికి చేసేదే కదా? ఒంటిపూట తిండి శరీరానికి చేసేదే కదా? ఐదింట్లో శరీరం మొదటిదని చెప్పింది కృష్ణుడైతే, శరీరానికి నాల్ట్రెక్సోన్ ఇస్తే వ్రతభంగం ఎందుకవుతుంది? తాగాలనే కోరికని తగ్గించే మందులున్నాయి: నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్. మానినప్పుడు ఎక్కువ వణుకు, చెమటలు పట్టిన వాళ్లకి ప్రాజోసిన్ అనే పాత బీపీ మందు ఉపయోగపడుతుందా అని యేల్ బృందమే పరీక్షించి, అలాంటివాళ్లలోనే ఫలితం కనపడిందని చెప్పింది. ఒంటి గుర్తుల వల్ల అసలు లాభం ఇదీ. ఎవడు పాపాత్ముడో చెప్పడం కాదు, ఎవడికి ఏ మందు పనిచేస్తుందో చెప్పడం.

ఒక్క మాత్ర విషయంలో మాత్రం నేను ఆ గురుస్వాముల పక్షమే. డైసల్ఫిరామ్ అని ఉంది. 1940ల చివర్లో డెన్మార్కులో దాని గుణం బయటపడింది. అది వేసుకున్నవాడు మందు ముట్టుకుంటే ముఖం ఎర్రబడి, గుండె దడ పుట్టి, వాంతులై, బీపీ పడిపోతుంది. తెలిసి వేసుకుంటే, డాక్టరు చూసుకుంటే, కొందరికి బాగా పనిచేస్తుంది. మన దగ్గర జరిగేది వేరు. మొగుడికి తెలీకుండా కూరలోనో మజ్జిగలోనో కలపమని దుకాణాల్లో ఎవరో చెబుతారు, విసిగిపోయిన భార్య కలుపుతుంది. వాడు తెలీక తాగితే ప్రాణం మీదికి రావచ్చు. ఆ భార్యని నేను తప్పు పట్టలేను; పదేళ్ల దెబ్బలు తిన్న మనిషి వేదాంతం మాట్లాడదు. కానీ కర్తకి తెలీకుండా కర్త చేత వ్రతం చేయించడం ఏ శాస్త్రంలోనూ లేదు. ఐదింట్లోంచి ఒకదాన్ని తీసి పారేసి నాలుగింటితో పని జరిపించాలని చూడటం అది. ప్రాణభయం సంగతి పక్కన పెట్టినా, నిజం తెలిసిన రోజున వాడికి ఇంట్లో ఎవరి చేతి ముద్దా నమ్మబుద్ధి కాదు.

చివరిగా గురుస్వాములకి, భవానీ దీక్షలు, శివ దీక్షలు ఇచ్చేవాళ్లకి కూడా, ఒక విజ్ఞప్తి. మాల వేసేముందు ప్రతి మనిషినీ పక్కకి పిలిచి రోజుకెంత తాగుతాడో అడగండి. పొద్దున లేవగానే చేతులు వణికి, చుక్క పడితే తగ్గే మనిషైతే ఆ రోజే మాల వెయ్యకండి. అంత అలవాటున్నవాడు హఠాత్తుగా మానితే మొదటి రోజే వణుకు మొదలవుతుంది, రెండు రోజుల్లోపు ఫిట్స్ రావచ్చు, రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతి భ్రమించి లేనివి కనపడవచ్చు. స్వామి ఒంట్లోకి వచ్చాడని కర్పూరం వెలిగిస్తూ కూర్చుంటే మనిషి చచ్చిపోతాడు. ముందు డాక్టరుకి చూపించండి. విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి సర్కారుదే. వారం పదిరోజులు మందులతో, బీ1 విటమినుతో ఒళ్లు కుదుటపడ్డాక మాల వేస్తే స్వామికి కోపం రాదు. మాల తీశాక రాత్రి భజన ఇంకో యాభై రోజులు ఆపకండి. మాల లేనివాణ్ని కూడా మధ్యలో కూర్చోబెట్టుకోండి, స్వామీ అనే పిలవండి. పడిపోయి వచ్చినవాణ్ని గుమ్మంలో నిలబెట్టి లెక్కలడగకండి, వచ్చే ఏడుదాకా ఆగమనకండి. వ్యసనాల గురించి ఉచితంగా మాట్లాడే జాతీయ ఫోను నంబరు 14446. మాల తీసిన రోజున ప్రసాదంతో పాటు అది ఒక కాగితం మీద రాసి, వాడికొకటి, ఇంట్లో మాతకొకటి ఇవ్వండి.